మూడు పేర్ల గోళీ

అవ్వా,

తెలంగాణ సమ్మె ఆగి ఈరోజే జగిత్యాలలో మా నర్సింగ్ క్లాసులు మొదలయ్యాయి. జ్వరం గోళీని కరిగించేటప్పుడు కాలేయంలో కొంచెం విషం పుడుతుందని మేడం చెప్పింది. దానికి విరుగుడు కూడా అక్కడే ఉంటుందట. మందు ఎక్కువై, తిండి లేకపోతే, ఆ విరుగుడు అయిపోయి విషం కాలేయాన్నే తినేస్తుందట.

సమ్మె రోజుల్లో నువ్వు జ్వరంతో నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. ఇంట్లో మూడు రకాల గోళీలున్నాయి: ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు ఇచ్చినవి, నేను కోరుట్లలో కొన్నవి, పక్కింటి చిన్నమ్మ ఇచ్చిన దుబాయ్‌వి. "సదువుకున్నదానివి, సూసి ఇయ్యి బిడ్డా" అన్నావు. పేర్లు వేరుగా ఉన్నాయని పూటపూటకూ మూడూ ఇచ్చాను. "గిన్ని గోళీలా?" అంటే, "నీకేం తెల్వదు, మింగు" అన్నాను.

ఇంటికొచ్చి ఆ గోళీల ఖాళీ అట్టలు తీసి చూశాను. మూడింటి మీదా కింద చిన్న అక్షరాల్లో ఒకే మందు పేరుంది. పారాసిటమాల్.

నీ కళ్ళు పచ్చబడ్డప్పుడు బస్సుల్లేవు. కరీంనగర్ చేరేసరికి ఆలస్యమైంది. అందుకే పోయావని బాపు అందరికీ చెప్తాడు. ఈ సాయంత్రం కూడా వాకిట్లో ఎవరితోనో అంటున్నాడు: "బస్సుల్లేక పాయె గని, మా బిడ్డ తల్లికి పూట తప్పకుండ మందులేసింది."

ఆయనకు అన్నం పెట్టాలి. మూడు అట్టలూ చేతిలో పట్టుకుని, ఆయన్ను పిలవకుండా గడప లోపలే కూర్చున్నాను, అవ్వా.