అక్కకు రాని నాయిక పాత్ర

శనివారం, క్లాంగ్, మలేసియా

డెబ్బై ఒకటో ఏట అక్క తొలి రికార్డింగు ఈరోజు పూర్తయింది. బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటలో పుట్టి ఒపెరా నేర్చుకున్న మొదటి తెలుగు పిల్ల తను. పియానో నేనే వాయించాను.

పై స్వరం దగ్గర అక్క గొంతు మూడుసార్లు జీరబోయింది. కంప్యూటర్లో సరిచేస్తానని స్టూడియో ఆవిడ అంది.

"వద్దు లా. ఉన్నదున్నట్టే ఉండనీ," అంది అక్క, ఇక్కడందరిలా మాట చివర 'లా' తగిలించి.

ముప్పై ఏళ్లప్పుడు ఆ స్వరం తనకు నవ్వినంత తేలిక. ఆ ఏడే కౌలాలంపూర్‌లో ఒపెరా వేస్తూ, నాయికకు అక్క గొంతే సరైనదన్నారు. వారం తిరక్కుండానే, ఇంత నల్లటి నాయికను ఎవరు చూస్తారంటూ వెనక పాడే బృందంలో నిలబడమన్నారు. అక్క సంచి తీసుకుని, నావైపు ఒకసారి చూసి, బయటికి నడిచింది. అక్కడి పియానో ఉద్యోగం పోతుందని భయపడి, నేను తల దించుకుని కొత్త నాయికకు పియానో వాయించాను.

ఇవాళ కారులో వస్తూ ఇన్నేళ్లకు నోరు తెరిచాను. "అక్కా, ఆ దినం నాను వాయించనని లేసొచ్చేస్తే, నీకా వేషం ఇచ్చేవోళ్లేమో."

"ఏటిచ్చేవోళ్లే? ఇంకో మనిషిని తెచ్చుకొని వాయించుకునేవోళ్లు." ఒళ్లో సంచి సర్దుకుని అంది: "కానీ ఆ దినం ఇంటికొచ్చే బస్సులో నా పక్కన కూకునేదానివి."

ఇల్లు చేరేదాకా రోడ్డు వైపే చూస్తూ నడిపాను. క్షమించక్కా అని ఈ డైరీలోనైతే రాయగలుగుతున్నాను గాని...