నాన్న విప్పిన చొక్కా

చెల్లీ,

పోలీసులతో పెద్దాసుపత్రికి వెళ్తున్నాను. గళ్ళ చొక్కా వేసుకున్న ముసలాయన ఎవరో రోడ్డు మీద పడిపోతే అక్కడ చేర్చారట. స్పృహ లేదట. నాన్న కోసం పొద్దుట్నుంచి తిరిగి తిరిగి ఇప్పుడే కునుకు పట్టింది నీకు, అందుకే లేపలేదు.

లేవగానే తలుపు గడియ పెట్టుకో. పోలీసులమని ఎవరొచ్చినా సరే, కింద హోటల్ కౌంటర్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాకే తియ్యి. పాస్‌పోర్టులు నీ దిండు కింద ఉన్నాయి. వెతకడానికి ఒక్కదానివే బయల్దేరకు. భాష రాని దేశంలో ఇద్దర్ని వెతకడం నా వల్ల కాదు. ఈలోగా నాన్నే తిరిగొస్తే ఒక్క మాట అనకు, ముందు మంచినీళ్ళివ్వు.

అక్క

హోటల్ కార్డు ఆయన జేబులో పెట్టలేదని పొద్దున నలుగురిలో నిన్ను కడిగేశాను. నువ్వు పెట్టావే. కాఫీ ఒలికిందని ఆ చొక్కా విప్పించి గళ్ళది తొడిగింది నేను. కార్డు విప్పిన చొక్కాలోనే ఉంది.