కరోల్ బాగ్‌లో కొన్న కారు

ఢిల్లీ,
ఆదివారం.

అక్కకి,

నీ చెల్లెలు కామేశ్వరి నమస్కరించి రాస్తున్న సంగతులు. నేనూ, మీ మరిదీ, శైలూ ముగ్గురం ఆరోగ్యంగానే ఉన్నాం. నువ్వూ, బావగారూ, పిల్లలూ ఎలా ఉన్నారు? మీ అత్తగారికి దగ్గు తగ్గిందా? రాత్రిళ్ళు నిద్రపోతున్నారా? ఆవిడ సంగతి మాత్రం తప్పకుండా రాయి.

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. జవాబు రాయలేదని కోప్పడకు. క్షేమంగా ఉన్నామంటే అబద్ధం కాదు గానీ, కొంతకాలంగా ఈ ఇంట్లో క్షేమం కంటే కోపమే ఎక్కువగా ఉంది. కలం పట్టుకుంటే ఆ కోపమంతా నీ మీద కుమ్మరిస్తానేమోనని ఊరుకున్నాను. ఇప్పుడు కాస్త తెరిపిన పడ్డాం కనక మొదటినుంచీ రాస్తాను. తీరిగ్గా చదువుకో.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మన రేపల్లెలో అయితే ఎండకి చెమటలు కారతాయి. ఇక్కడ చెమట పట్టేలోపే ఆరిపోతుంది. పగలు తలుపు తెరిస్తే వడగాలి మొహాన కొడుతుంది. పొద్దున కాసేపు వచ్చే కొళాయి నీళ్ళే రోజంతటికీ. శైలుకి మాత్రం ఏ బాధా లేదు. నేను తెలుగులో తిడితే అది హిందీలో జవాబు చెబుతుంది.

మీ మరిది పోయిన చలికాలం బస్సు ఎక్కబోతూ పడ్డారని రాశాను కదా. ఎముక అతుక్కుంది గానీ ఎడమ మోకాలు సరిగ్గా వంగడం లేదు. కర్ర లేకుండా నడవలేరు. ఇక్కడి బస్సు స్టాపులో ఆగదు అక్కా, కొంచెం నెమ్మదిస్తుందంతే. జనం పక్కనే పరుగెత్తి ఊచ పట్టుకుని వేలాడాలి. కర్ర పట్టుకున్న మనిషి ఎలా పరుగెత్తుతాడు? ఆటోవాళ్ళేమో “ఉధర్ నహీ జానా”, అటు రామని, మొహం తిప్పుకుపోతారు. ఒకరోజు వెళ్ళి రెండు రోజులు వెళ్ళలేక, ఉన్న సెలవులన్నీ ఖర్చయిపోయాయి.

అప్పుడొకనాడు వాళ్ళ ఆఫీసరు పరామర్శకని మా క్వార్టరుకి వచ్చాడు. టీ తాగాడు, శైలు చదువు గురించి అడిగాడు. గడప దాటుతూ, “మిస్టర్ రావ్, మెడికల్ గ్రౌండ్స్ మీద రిటైర్మెంట్ సంగతి ఆలోచించారా?” అన్నాడు. మంచిగానే అన్నాడు. కానీ మీ మరిదికి నలభై రెండేళ్ళు అక్కా. ఆ సాయంత్రం వరండాలో కుర్చీ వేసుకుని రోడ్డు వంక చూస్తూ కూర్చున్నారు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నారు.

“కారు కొందాం” అన్నాను నేను.

“కొని? క్లచ్ తొక్కాలంటే ఎడమ కాలే కావాలి. ఎవరు నడుపుతారు?”

“నేను.”

ఆయన నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఆయనా ఆపేశారు.

మా కాలనీ వెనకే డ్రైవింగ్ నేర్పే స్కూలు ఉంది. ముసలి సర్దార్జీ ఒకాయన నేర్పాడు. మొదట్లో నేను బ్రేకు తొక్కినప్పుడల్లా ఆయన తలపాగా అద్దానికి తగిలేది. “క్లచ్, బేటీ, క్లచ్!” అని అరిచేవాడే గానీ ఒక్క చెడ్డ మాట అనలేదు. లైసెన్సు చేతికి వచ్చిన రోజు ఆయనే నాకు లడ్డూ తినిపించాడు.

కొత్త కారుకి పేరు రాయించుకుంటే రావడానికి ఏళ్ళు పడుతుంది. అందుకని పాతది చూద్దామనుకున్నాం. పి.ఎఫ్.లోంచి తీశాం, నా గాజులు అమ్మాం, ఆ సంగతి అంతటితో వదిలెయ్. కరోల్ బాగ్‌లో పాత కార్లు అమ్మే షెడ్డు ఒకటుందని ఎవరో చెబితే వెళ్ళాం. లోపల ఎత్తుగా, రోడ్డు వైపు వాలుగా సిమెంటు దిమ్మ కట్టి ఉంది. దాని మీద అరడజను కార్లు, కడిగి, మెరుగు పెట్టి, ముక్కులు కిందికి వంచుకుని నిలబడి ఉన్నాయి. బాగా కనబడడానికి అలా పెట్టారనుకున్నాను. నా తెలివి అంతే.

యజమాని పేరు బాత్రా. సఫారీ సూటు, వేళ్ళనిండా ఉంగరాలు. మమ్మల్ని చూడగానే చేతులు చాచి వచ్చాడు. “ఆయియే, ఆయియే! మద్రాసీ లోగ్ బడే సీధే హోతే హైఁ” అన్నాడు. మనం అమాయకులమని మొదటి మాటలోనే చెప్పేశాడు చూడు.

నీలం కారు ఒకటి చూపించాడు. మేం దగ్గరికి వెళ్ళేసరికే దాని ఇంజన్ తిరుగుతోంది. “గాడీ నహీఁ భాయీసాబ్, మక్ఖన్ హై మక్ఖన్!” అన్నాడు. వెన్నలాంటిదట. ఎంత పెట్రోలు తాగుతుందని నేనడిగితే మీ మరిది మొహం చూసి జవాబు చెప్పాడు. టైర్లు ఎప్పుడు మార్చారని నేనడిగితే మళ్ళీ ఆయనకే చెప్పాడు. “నేను ఒకసారి నడిపి చూస్తాను” అన్నాను. బాత్రా నవ్వి, “భాభీజీ, ఆప్ పీఛే ఆరామ్ సే బైఠియే” అని వెనక తలుపు తెరిచాడు. నేను వెళ్ళి వెనక కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో నాకే తెలియదు. అతని డ్రైవరు మమ్మల్ని రెండు వీధులు తిప్పి తీసుకొచ్చాడు. ఎక్కడా ఇంజన్ ఆపలేదు.

మర్నాడు ఆ డ్రైవరే కారు తెచ్చి మా క్వార్టరు ముందు పెట్టి వెళ్ళాడు. బొట్టు పెట్టి, నిమ్మకాయ తొక్కించి, కొబ్బరికాయ కొట్టాను. తీరా తాళం తిప్పితే టిక్కుమని ఒక్క చప్పుడు, అంతే. ఇరుగుపొరుగు మగవాళ్ళు “ధక్కా లగావో” అంటూ వచ్చి తోశారు. కదిలింది. ఆ సంతోషంలో ఆయన్ని ఆఫీసుకి తీసుకెళ్ళాను. గేటు దగ్గర ఆపాను. ఇక కదలలేదు. ఆఫీసు ప్యూన్లు వచ్చి తోశారు. అప్పటినుంచీ ఊళ్ళో వాళ్ళందరి చేతా తోయించుకోవడమే నా పనైపోయింది. పాల బూత్ దగ్గర, స్కూలు దగ్గర, పెట్రోలు బంకులో. ఎక్కడికి వెళ్ళినా ముందు చూసేది తోసేవాళ్ళున్నారా లేదా అని.

ఒకరోజు శైలు కాళ్ళ దగ్గరి రబ్బరు చాప ఎత్తి, “మమ్మీ, సడక్ దిఖ్ రహీ హై!” అని చప్పట్లు కొట్టింది. వంగి చూద్దును కదా, నేల రేకు తుప్పుపట్టి రాలిపోయింది. కింద రోడ్డు పరుగెడుతోంది. దానికి అది తమాషా. కాళ్ళు సీటు మీద పెట్టుకోమని నేను అరిచాను.

బాత్రా దగ్గరికి వెళ్ళాం. “కల్ ఆయియే” అన్నాడు. మర్నాడు వెళ్ళాం, “కల్.” ఈ భాషలో నిన్నకీ రేపటికీ ఒకటే మాట అక్కా. అతను ఏ రోజు రమ్మంటున్నాడో ఆ పరమాత్ముడికే తెలియాలి. ఒకసారి మెకానిక్ లేడన్నాడు, ఒకసారి సామాను రాలేదన్నాడు, ఒకసారి తనే లేడని లోపలినుంచి చెప్పించాడు. బల్లకింద అతని తెల్ల బూట్లు కనబడుతూనే ఉన్నాయి. “ఆడవాళ్ళు నడిపితే బండ్లు ఇలాగే పాడవుతాయి భాయీసాబ్, ఒక డ్రైవర్ని పెట్టుకోండి” అని కూడా అన్నాడు, నేను అక్కడే నిలబడి ఉండగా.

అక్కడ కూర్చుని ఎదురుచూస్తుండగానే నాకు విషయం అర్థమైంది. ఎవరో కొనేవాళ్ళు గేటు దగ్గర కనిపించారు. వెంటనే డ్రైవరు ఒక కారెక్కి, స్టార్టు చెయ్యకుండానే బ్రేకు వదిలాడు. కారు ఆ వాలు మీదుగా జారి, గేరు పడగానే ఇంజన్ అందుకుంది. వాళ్ళు దగ్గరికి వచ్చేసరికి అది చక్కగా తిరుగుతోంది. మాకు చూపించిన ‘వెన్న’ రహస్యం కూడా అదే. ఆ దిమ్మ కట్టింది అందంకోసం కాదు.

ఇంటికొచ్చి చెబితే మీ మరిది, “పోనీవే కాముడూ. పోట్లాడి గెలవలేం. నేను రాజీనామా ఇచ్చేస్తాను, మనవైపు వెళ్ళిపోదాం” అన్నారు. ఆయన తత్వం నీకు తెలుసుగా. కూరగాయల దగ్గర పావలా తక్కువిచ్చినా తిరిగి అడగని మనిషి. నాకు ఆ రాత్రి బాత్రా మీద కంటే ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చింది.

తరవాత రెండు రోజులకి, ఆయన్ని ఆఫీసు నుంచి తీసుకొస్తుంటే పెద్ద కూడలిలో ఎర్ర దీపం దగ్గర ఇంజన్ ఆగిపోయింది. వెనకనుంచి ఒకటే హారన్లు. ఒకడు కిటికీ దగ్గరికి వచ్చి, “ఘర్ మేఁ రోటీ బనావో!” అని, ఇంట్లో రొట్టెలు చేసుకోమని, అరిచిపోయాడు. ఒక్కరూ తోయడానికి రాలేదు. నేను తాళం తిప్పుతూనే ఉన్నాను. అంతలో వెనకనుంచి కారు మెల్లగా కదిలింది. అద్దంలో చూస్తే మీ మరిది. కర్ర కారు మీద పడేసి, వంగని కాలు ఈడుస్తూ, భుజం ఆనించి తోస్తున్నారు. నడిరోడ్డు మీద, ఆ ఎండలో. నాకు ఏడుపు రాలేదక్కా, ఒళ్ళంతా మండిపోయింది. ఆ మంటలోనే నిశ్చయించుకున్నాను.

శనివారం బాత్రాకి బేరాలు ఎక్కువ. శైలుని పక్కింట్లో దింపి, ఆయన్ని ఎక్కమన్నాను. పొరుగువాళ్ళు తోశారు. కరోల్ బాగ్ వెళ్ళేదాకా ఇంజన్ ఆగనివ్వలేదు. ఆ సందడిలోంచి ఎలా నడిపానో ఆ సర్దార్జీ చూసి ఉంటే మెచ్చుకునేవాడు. సరిగ్గా బాత్రా గేటుకు అడ్డంగా తెచ్చి, గేరులో పెట్టి, బ్రేకు లాగి, తాళం తిప్పి ఆపేశాను. తలుపులకి గడియలు పెట్టి స్టీరింగు ముందు కూర్చున్నాను. లోపలి కారు బయటికి రాదు, బయటి కారు లోపలికి పోదు.

బాత్రా పరుగెత్తుకొచ్చాడు. వచ్చి, మీ మరిది వైపు కిటికీ దగ్గర వంగి, “భాయీసాబ్, గాడీ హటాయియే, గ్రాహక్ ఖడే హైఁ” అన్నాడు. బండి తియ్యండి, బేరాలు నిలబడి ఉన్నాయని. నిజమే, లోపల ఒక మొగుడూ పెళ్ళాం తెల్ల కారు చూస్తున్నారు.

నేను నోరు తెరవబోయాను. అంతకుముందే మీ మరిది అన్నారు:

“గాడీ ఇన్‌కీ హై. చలాతీ భీ యహీ హైఁ. ఇన్‌సే బాత్ కీజియే.”

బండి ఈవిడది, నడిపేదీ ఈవిడే, ఈవిడతోనే మాట్లాడండి అని. గొంతు పెంచలేదు. అతని వంక చూడను కూడా లేదు, ఎదురుగా రోడ్డు వంకే చూస్తూ అన్నారు. పెళ్ళయ్యాక ఆయన ఎవరితోనైనా అలా మాట్లాడడం నేను వినలేదు.

బాత్రా చుట్టూ తిరిగి నా వైపు వచ్చాడు. “మేడమ్” అన్నాడు. మొదటిసారి.

“తీసేస్తాను బాత్రాజీ. స్టార్టు కావడం లేదు. మీ డ్రైవర్ని పిలిచి స్టార్టు చేయించండి” అన్నాను, నాకొచ్చిన హిందీలో.

పోలీసును పిలుస్తానన్నాడు. పిలవమన్నాను. లోపలినుంచి ఆ పెళ్ళాం మెల్లగా గేటు దగ్గరికి వచ్చి, “క్యా హువా దీదీ? యహీఁ సే లీ థీ?” అని అడిగింది. ఇక్కడే కొన్నానని చెప్పి, రబ్బరు చాప ఎత్తి చూపించాను. తరవాత, “మీ తెల్ల కారు దిమ్మ మీదనుంచి కిందికి దింపించి, ఆపించి, మళ్ళీ స్టార్టు చేయించి చూడండమ్మా” అన్నాను. ఆవిడ మొగుడి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

దాంతో బాత్రా దిగొచ్చాడు. లేదన్న మెకానిక్ పక్క వీధిలోంచే వచ్చాడు. రాలేదన్న సామాను అతని షెడ్డులోనే ఉంది. అప్పటికప్పుడు కొత్త సెల్ఫ్ స్టార్టరు బిగించారు, బ్యాటరీ మార్చారు. నేలకి రేకు వేసి వెల్డింగ్ చేస్తుంటే నేను పక్కనే నిలబడ్డాను. మీ మరిది కర్ర ఆసరాతో నిలబడి ఎండలో నా తలమీద న్యూస్‌పేపరు పట్టారు. సాయంత్రానికి, చదునైన రోడ్డు మీద, తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది.

అంతా అయిపోయిందనుకోకు. రెండో గేరు ఇప్పటికీ కరకరమంటుంది. కాగితాలు మా పేరుకి మారాలి, దానికి ఇంకా “కల్” అంటున్నాడు. మళ్ళీ వెళ్తాను. మర్యాదగా అడిగితే జరగనిది గేటుకి అడ్డం పడితే ఎందుకు జరగాలో నాకు అర్థం కాదక్కా. అది తలుచుకుంటే ఇంకా ఒళ్ళు మండుతోంది.

చిన్న పనులు రెండు. జి.టి. ఎక్స్‌ప్రెస్‌లో ఎవరైనా ఇటు వస్తుంటే ఊరమిరపకాయలు, కాస్త పెసర వడియాలు పంపించు. నేను నడిరోడ్డు మీద చేసిన ఈ గొడవ మా అత్తగారి చెవిన పడనీయకు. కారు నడుపుతున్నానంటేనే ఆవిడకి నిద్ర పట్టదు. బావగారికి మాత్రం చెప్పు, ఆయన నవ్వుతారు.

మొన్న మళ్ళీ ఆయన్ని ఆఫీసులో దింపాను. మెడికల్ గ్రౌండ్స్ మాట ఆఫీసరు ఇక ఎత్తడం లేదట. గేటు దగ్గర కర్ర అందుకుని దిగి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి కిటికీ దగ్గరికి వచ్చారు.

“సాయంత్రం ఎన్నింటికి వస్తావు?” అన్నారు.

ఇన్నేళ్ళూ పొద్దున్నే వాకిట్లో నిలబడి ఆ మాట నేను అడిగేదాన్ని అక్కా. నవ్వొచ్చి, జవాబు చెప్పకుండానే గేరు వేశాను.

బావగారికీ, మీ అత్తగారికీ మా నమస్కారాలు. పిల్లలకి నా ముద్దులు. ఈ కారులో మేం ముగ్గురం ఏ ఆపదా లేకుండా తిరగాలని నువ్వు తలమీద చెయ్యి పెట్టి దీవించినట్టే అనుకుంటాను.

నీ చెల్లెలు,
కామేశ్వరి