బూట్లు విప్పాలా, వద్దా

ప్రియమైన అక్కకి,

చెల్లెలు సువార్త వందనాలు. నువ్వూ బావగారూ పిల్లలూ ప్రభువు దయలో క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాను. చిన్నవాడికి జ్వరం తగ్గిందా? నర్సరీలో అంట్లు కట్టే పని మొదలైందా? నేను బాగానే ఉన్నాను. మీ అత్తగారు కూడా ఇప్పుడు బాగానే ఉన్నారు.

మొన్న ఫోనులో నువ్వు "మా అత్తగారి గొంతు అలా ఉందేంటే?" అంటే "ఏం లేదక్కా, జలుబు" అన్నాను. అది అబద్ధం. నీ గొంతు వింటూ నిజం చెప్పే ధైర్యం లేక కాగితం తీసుకున్నాను. ముందు చదివెయ్యి. తర్వాత ఎన్ని తిట్లు తిట్టినా పడతాను.

ఈ భీమవరంలో ఎండ కాస్తోందో వాన పడుతోందో మాకు తెలియదు. పొద్దున రొయ్యల ఫ్యాక్టరీ బస్సెక్కితే సాయంత్రం దాకా చేతులు ఐసులోనే. రొయ్యల తలలు తీసిన వాసన ఎంత సబ్బు రాసినా వదలదు. హాస్టల్లో పప్పుచారు పోస్తారు, పప్పును మనమే వెతుక్కోవాలి. మీ అత్తగారు, అదే మా అత్తయ్య, పనిలోనూ హాస్టల్లోనూ నా పక్కనే ఉండబట్టి గానీ, లేకపోతే ఎప్పుడో మన కడియం పారిపోయి వచ్చేదాన్ని. కానీ ఆవిడ సంగతి నీకు తెలిసిందే కదా, నోరు ఊరుకోదు. బస్సు డ్రైవర్ని "పెళ్లయ్యిందా బాబూ?" అంటుంది. సూపర్‌వైజర్ని "ఏ దేశపోళ్లు తింటారండీ ఇవి? తలకాయలు ఎందుకొద్దంటారండీ?" అంటుంది. నాకు తల కొట్టేసినట్టు ఉండేది. నిజం చెబుతున్నానక్కా, నలుగురిలో ఆవిడ మా మనిషని చెప్పుకోవడానికి సిగ్గుపడేదాన్ని.

పోయిన నెలలో మాకు సేఫ్టీ ట్రైనింగ్ పెట్టారు. చలిగదులకు వాడే అమ్మోనియా గ్యాసు లీకైతే ఎలా బయటపడాలో నేర్పడానికి. ఆఫీసరుగారు మంచాయన. "నేను చెప్పేసి వెళ్లిపోతే చాలదమ్మా. పని చేసేది మీరు, మీరే మాట్లాడాలి" అని హాలుకొక మనిషిని ఎన్నుకోమన్నారు. ఇంటర్ చదివాను, సండే స్కూల్లో పాఠాలు చెప్పాను కదా, అందరూ నన్నే చూపించారు. టోపీకి పచ్చ బ్యాడ్జీ పెట్టారు. మిగతావాళ్ల సందేహాలు కనుక్కుని ఆయనకు చెప్పడం నా పని. నేనేమో మా హాల్లో సందేహాలే లేవనిపించుకుంటే గొప్ప అనుకున్నాను.

ఇక్కడొక పద్ధతి ఉంది. లోపల వేసుకునే గమ్ బూట్లతో గుమ్మం దాటకూడదు. వాటికి మట్టి అంటితే సరుకు పాడవుతుందని, ఒక్క అడుగు బయట పెట్టినా సూపర్‌వైజరు అందరి ముందూ తిట్లతో కడిగేస్తాడు. అందుకని గుమ్మం దగ్గర బూట్లు విప్పి, అరలో జతగా పెట్టి, చెప్పులు వేసుకునే బయటికి వస్తాం.

ట్రైనింగులో అత్తయ్య చెయ్యెత్తింది. "అయ్యా, ఆ గ్యాసొచ్చినప్పుడు కూడా బూట్లు ఇప్పేసే రావాలాండీ?" అంది. ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. ఆ నవ్వుల్లో ఆయనకు సరిగా వినబడలేదు. "ఏంటమ్మా, ఏదో అడుగుతున్నారు?" అన్నారు. నేను అత్తయ్య చెయ్యి పట్టి కిందికి లాగేసి, లేచి నిలబడి, "ఏం లేదండి, అందరికీ అర్థమైందండి" అన్నాను.

తర్వాత ఉత్తుత్తి సైరన్ మోగించి మమ్మల్ని బయటికి రమ్మన్నారు. బుద్ధిగా బూట్లు సర్దిపెట్టుకుని చెప్పులతో వచ్చాం. ఆయన బయట ఆవరణలో ఉన్నారు, గుమ్మం దగ్గర ఏం చేశామో చూడలేదు. తోసుకోకుండా వచ్చామని మెచ్చుకున్నారు. నేను పొంగిపోయాను.

రెండు వారాలు తిరక్కుండానే నిజంగా లీకైంది. ముక్కులు అదిరిపోయే ఘాటు, కళ్లు మంట. సైరన్ మోగింది. మేం ఏం చేశామనుకున్నావు? గుమ్మం దగ్గర వరసకట్టి బూట్లు విప్పుకుంటున్నాం! నేను ముందున్నాను. విప్పి, అరలో జతగా కూడా పెట్టి, బయటపడ్డాను. వెనక్కి తిరిగితే అత్తయ్య లేదు. ఐసులో నిలబడీ నిలబడీ ఆవిడ కాళ్లు వాచిపోతాయి కదా, బూటు ఊడిరావడం లేదు. గోడ పట్టుకుని దగ్గుతూ లాక్కుంటోంది. నాకు లోపలికి వెళ్లడానికి కాళ్లు రాలేదక్కా. మిషన్ రూము అతను మాస్కు వేసుకుని వెళ్లి ఆవిణ్ణి ఎత్తుకొచ్చాడు.

"మా అత్తగారిని కనిపెట్టుకుని ఉండవే" అని నువ్వు అప్పజెప్పిన మనిషిని వదిలేసి నేను ముందు బయటికి వచ్చాను. ఈ మాట రాయడానికి మూడు కాగితాలు చింపాను.

ఆసుపత్రిలో ఆవిడ మంచం దగ్గర తల దించుకుని నిలబడ్డాను. తిడితే బాగుండునని ఉంది. ఆవిడ ఆక్సిజన్ మాస్కు పక్కకు తీసి, "ఏమ్మా, ఆయన్ని అడిగావా? ఇప్పాలా, వద్దా? రేపు మళ్లీ అందరూ పనిలోకెళ్తారు కదే" అంది. దెప్పడానికి కాదు, నిజంగా తెలుసుకోవడానికే అడిగింది.

ఆ రోజే వెళ్లి అడిగాను. "అయ్యో, విప్పక్కర్లేదమ్మా! ప్రాణం కంటే బూట్లా? ట్రైనింగులోనే ఒక్కరు అడిగి ఉంటే..." అన్నారు ఆఫీసరుగారు. "అడిగిందండి. నేనే నోరు నొక్కేశాను" అన్నాను. బ్యాడ్జీ తీసి ఆయన బల్ల మీద పెట్టేశాను. ఇప్పుడది అత్తయ్య టోపీకి ఉంది. మొన్న మళ్లీ ట్రైనింగైతే దగ్గుకుంటూ దగ్గుకుంటూ గంటసేపు అడిగింది. ఎవరూ నవ్వలేదు.

ఊపిరితిత్తులకు భయం లేదని డాక్టరుగారు చెప్పారు. గొంతు మాత్రం ఇంకా గరగరలాడుతోంది. ఎవరైనా ఇటు వస్తుంటే మంచి తేనె ఒక సీసా పంపు. నీకు కబురు చెయ్యొద్దని ఆవిడే ఒట్టు వేయించుకుంది, ఆ ఒట్టు ఇప్పుడు తప్పుతున్నాను. బావగారికి నువ్వే నెమ్మదిగా చెప్పు. వచ్చి వాళ్లమ్మను తీసుకెళ్తానంటే నేను అడ్డు చెప్పను. నా ముఖం చూడనన్నా నాకు కోపం లేదు.

పాస్టరుగారికీ పాస్టరమ్మగారికీ నా వందనాలు. పిల్లలకు ముద్దులు. మీ ప్రార్థనలో అత్తయ్య పేరు ముందు తలచి, తర్వాత నా పేరు తలవండి.

ఇది చదివాక ఫోన్ చెయ్యి అక్కా. ఏం అడగాలనిపిస్తే అది అడుగు. "ఏం లేదు" అని మాత్రం ఇక అనను.

నీ చెల్లెలు
సువార్త