నేను వెళ్ళని ముంచింగిపుట్టు

డిసెంబర్ 9, సోమవారం

నేను ముంచింగిపుట్టు వెళ్ళలేదు. మూడో తారీకునే కాదు, ఈ ఏడాది మొత్తంలో వెళ్ళలేదు. వెళ్ళి మర్చిపోయుంటావులే అమ్మా అని కూతురు ఉమ పార్వతీపురం నుంచి ఫోన్‌లో అంది, దుకాణంలో గొడుగు మర్చిపోయినంత తేలిగ్గా. హుకుంపేట నుంచి అక్కడికి కొండలెక్కి దిగి రెండు గంటల దారి. గొడుగంటే మర్చిపోతాం. రెండు గంటల ఘాట్ రోడ్డు ఎవరు మర్చిపోతారు?

జరిగింది ఇది. పొద్దున్న నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. నా స్కూటర్ నంబర్ మీద ఈ-చలానా. డిసెంబర్ 3 ఉదయం, ముంచింగిపుట్టు రోడ్డు, హెల్మెట్ లేదు. మనవరాలు వెన్నెల లింక్ తెరిచి ఫోటో చూపించింది. వెనక నుంచి తీశారు. అంతా పొగమంచు. ఒక ఎర్ర లైటు, ఒక నంబర్ ప్లేటు, తల మీదుగా శాలువా కప్పుకున్న ఒక వీపు. అది స్కూటరో మోటార్‌సైకిలో కూడా తెలియడం లేదు. నంబర్ మాత్రం నాదే.

శాలువా కూడా మీదేలా ఉందండీ అత్తయ్యా అంది కోడలు వరలక్ష్మి. డిసెంబర్‌లో ఈ కొండల మీద శాలువా లేని వీపు ఒకటి చూపించమన్నాను.

హరీష్ ఆ ఫోటోని చాలాసేపు చూశాడు. చివరికి, అక్క చెప్పిందే నిజమేమో అన్నాడు. నా కొడుకు అంతసేపు ఆలోచించి మాట్లాడటం ఇదే మొదటిసారి.

డిసెంబర్ 10

బండి తాళం పోయింది. పోవడమంటే, హరీష్ పట్టుకెళ్ళి షాపు గల్లాపెట్టెలో వేశాడు. వాడిది బస్టాండ్ పక్కన బండి సామాన్ల షాపు. సీటు కవర్లు, అద్దాలు, స్టిక్కర్లు, నంబర్ ప్లేట్లు. కొన్నాళ్ళు నడపకమ్మా అన్నాడు. ఎన్నాళ్ళు అన్నాను. చూద్దాం అన్నాడు. ముప్పై మూడేళ్ళు లెక్కల టీచరుగా చేశాను. చూద్దాం అనేది జవాబు కాదని వాడికి అయిదో క్లాసులోనే చెప్పాను.

బండి లేకపోతే సోములమ్మ దగ్గరికి వెళ్ళలేను. మా స్కూల్లో ఆయాగా చేసేది. ఇప్పుడు నడుం పడిపోయి మంచంలో ఉంది. రోజూ వెళ్ళి పేపర్ చదివి వినిపిస్తాను, ఇద్దరం కలిసి ప్రభుత్వాన్ని తిట్టుకుంటాం. వాళ్ళ ఊరికి ఆటోలు పోవు, నా మోకాళ్ళూ పోవు. ఇవాళ తనే ఫోన్ చేసింది. ఏటి టీసరమ్మా రాలేదు, పేపరోడు గానీ సచ్చిపోనాడా అంది. మూడో తారీకు పొద్దున్న నీ దగ్గరే ఉన్నాను కదా అన్నాను. ఉన్నావేమో తల్లీ, మంచం మీదున్నదానికి తారీకులేటి, అన్నీ ఒక్కలాగే ఉంటాయి అంది.

నాకున్న ఏకైక సాక్షి.

డిసెంబర్ 11

ఈ డైరీలోనే మూడో తారీకు పేజీ తీసి చూశాను. ఖాళీ.

డిసెంబర్ 12

నాకు నేనే పరీక్ష పెట్టుకుంటున్నాను. పంతొమ్మిదో ఎక్కం వచ్చింది. పెళ్ళిరోజు, ఆయన పోయిన రోజు, రెండు ఫోన్ నంబర్లు వచ్చాయి. నా మొదటి టెన్త్ బ్యాచ్ హాజరు పట్టీ వరసగా అప్పజెప్పుకున్నాను. ఒక్క పేరు దగ్గర ఆగిపోయాను. కిటికీ పక్కన కూర్చునేవాడు, అక్షరాలు గుండ్రంగా రాసేవాడు. మొహం ఉంది, పేరు లేదు.

ఆ పేరు కోసం వెతుకుతుంటే స్టౌ మీద పాలు పొంగిపోయాయి. ఇదివరకు పాలు పొంగితే పాలు పొంగాయి, అంతే. ఇవాళ ఇంట్లో ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వరలక్ష్మి ఒక్క మాట అనకుండా స్టౌ తుడిచింది. విసుక్కుని ఉంటే బాగుండేది.

ఇంకొకటి కూడా రాయాలి. మధ్యాహ్నం కళ్ళు మూసుకుని ఆ దారిని ఊహించుకున్నాను. మంచు, మలుపు, చెక్‌పోస్టు, చేతులకి చలి. అంతా కళ్ళకి కట్టినట్టే కనబడింది. నిజంగా వెళ్ళిన మనిషికీ ఇలాగే కదా కనబడుతుంది? వెళ్ళానేమో.

డిసెంబర్ 13

వెళ్ళలేదు.

వెన్నెల కాలేజీ నుంచి రాగానే ఫోటో మళ్ళీ తెరిపించాను. నంబర్ వదిలేసి అంచులు పెద్దవి చెయ్యవే అన్నాను. పేపర్లు దిద్దినన్నాళ్ళూ పిల్లల అసలు సంగతి మార్జిన్‌లోనే దొరికేది. ప్లేటు కింది అంచున పసుపు గీత, అందులో చీమల్లాంటి అక్షరాలు. వెన్నెల సాగదీసి సాగదీసి చదివింది. మా షాపు పేరు, హరీష్ ఫోన్ నంబరు.

నా స్కూటర్ ప్లేటు షోరూమ్‌వాళ్ళు ఇచ్చింది. దాని మీద మా షాపు పేరు లేదు. వెన్నెల పెరట్లోకి పోయి టార్చి వేసి మరీ చూసొచ్చింది. లేదు.

నా నంబరూ మా షాపు పేరూ కలిసి ఉన్న ప్లేటు ప్రపంచంలో ఒక్కటే. షాపు పెట్టిన కొత్తలో, గిరాకీలకి చూపించడానికి హరీష్ ఒక శాంపిల్ తయారుచేసి గోడకి కొట్టాడు. వాడికి నోటికొచ్చిన నంబర్ అమ్మదే. అప్పుడు నాకు ముచ్చటేసింది కూడా.

వెన్నెల ఫోన్ ఆర్పి లోపలికి పోయింది.

డిసెంబర్ 14, శనివారం, సంత

పొద్దున్నే షాపుకి నడిచి వెళ్ళాను. గోడకి మేకులున్నాయి, ప్లేటు లేదు. ఉండాల్సిన చోట దుమ్ము పట్టని దీర్ఘచతురస్రం ఉంది.

హరీష్ నా మొహం చూసి అడక్కుండానే చెప్పాడు. పై ఊళ్ళో గాసి అని కాఫీ రైతు. నవంబర్ చివరి సంతకి వస్తూ బురదలో పడ్డాడు, మోటార్‌సైకిల్ ప్లేటు విరిగింది. షాపులో ప్లేట్లు చేసే షీటు అయిపోయింది, కొత్త ప్లేటు వచ్చే సంతకి గానీ కాదు. ఇక్కడ సంతలో ఒక పద్ధతి ఉంది. చెప్పులు కుట్టే అతను మన చెప్పు అయ్యేదాకా ఒక పాత జత ఇస్తాడు. మాట్లు వేసే అతను వారానికి వేరే గిన్నె ఇస్తాడు. మళ్ళీ సంతకి అది ఇచ్చి ఇది తెచ్చుకుంటాం. హరీష్ కూడా అదే చేశాడు. ప్లేటు లేకపోతే ఆపేస్తారు, సంత దాకా దీంతో నెట్టుకొచ్చీ అని శాంపిల్ ఊడదీసి గాసి బండికి బిగించాడు.

నంబర్ ప్లేటుని గిన్నె అనుకున్నాడు నా కొడుకు.

అది సరే. సోమవారం ఫోటో చూసినప్పుడే నీకు తెలుసా అని అడిగాను. రోడ్డు వైపు చూశాడు. అక్క ముందే అనేసింది కదమ్మా, నువ్వు కూడా అవునేమో అంటావనుకున్నాను, వెయ్యి రూపాయలు కట్టేస్తే పోద్దనుకున్నాను అన్నాడు.

సీటు కవర్ల కట్ట మీద కూర్చుండిపోయాను. ఇన్నాళ్ళూ నేను తల పట్టుకుని రాస్తున్న పరీక్షకి జవాబు వాడి జేబులో ఉంది.

మధ్యాహ్నం గాసి వచ్చాడు, ప్లేటు సంచిలో చుట్టుకుని. బండి ఊళ్ళోనే వదిలి నడిచొచ్చాడట. కాపీ కోత పడిపోనాదమ్మా, పోయిన సంతకి రాలేకపోనాను అన్నాడు. చలానా సంగతి చెబితే తెల్లబోయాడు. ఆ రోజు సెల్లిని సూడ్డానికెల్లినాను, ఎనకనుంచి పొటో తీసినట్టు తెల్దు, నానే టేసన్‌కెల్లి సెప్పేత్తాను అన్నాడు. లేచాడు కూడా. కూర్చోమన్నాను. నేను చెప్పేదాకా ఎక్కడికీ వెళ్ళొద్దన్నాను.

డిసెంబర్ 16

స్టేషన్‌కి వెళ్ళాను. ఎవరి గొడవో అన్నట్టు అడిగాను. హెడ్ కానిస్టేబుల్ కుర్చీ వేయించి ఓపిగ్గానే చెప్పాడు. బండి నాది కాదని కంప్లైంట్ రాసిస్తే చలానా తీసేస్తారు. తర్వాత ఆ తప్పుడు ప్లేటు పెట్టుకున్నవాడి బండి సీజ్ చేస్తారు, కేసు పెడతారు. ప్లేటు ఇచ్చినవాడి మీదా పెడతారు. ఎవరండీ మేడమ్, తెలిసినవాళ్ళా అన్నాడు. ఇంకా తేలలేదన్నాను.

హరీష్ ఒక్కడే అయితే ఆ కంప్లైంట్ ఎర్ర సిరాతో రాసిచ్చేదాన్ని. కాని కోతల్లో గాసి బస్తాలు కొండ దిగేది ఆ బండి మీదే.

వచ్చేశాను. మోకాళ్ళు నొప్పి.

డిసెంబర్ 17

కట్టాను. మూడుసార్లు సైట్ ఆగిపోయింది, నాలుగోసారి టవర్ పోయింది, అయిదోసారి వెన్నెల మేడ మీదకెక్కి ఫోన్ ఆకాశానికి చూపించి కట్టింది. నా డబ్బులిస్తానమ్మా అని హరీష్ వెనకాలే తిరిగాడు. వద్దన్నాను. రసీదు మీద పేరు నాది కదా, డబ్బూ నాదే ఉండనీ. తప్పు: హెల్మెట్ లేదు. యజమాని: నేను. స్టేటస్: పెయిడ్.

ఇక నుంచి సర్కారు లెక్కలో నేను ముంచింగిపుట్టు వెళ్ళినట్టే.

డిసెంబర్ 18

హరీష్ చేత ఉమకి ఫోన్ చేయించాను, స్పీకర్‌లో పెట్టించి, నా ఎదురుగా. ముందు, ఏదో చిన్న కన్‌ఫ్యూజన్ అక్కా అని మొదలెట్టాడు. స్టెప్పులన్నీ చెప్పమన్నాను. చెప్పాడు. ఉమ, ఒరే నీకు బుద్ధుందా, అమ్మని చూపించడానికి విశాఖలో డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నాన్రా, అమ్మకి అలా ఉందని మూడు రోజులు ఏడ్చాన్రా అని తిట్టింది. అది ఏడ్చిందని నాకు తెలియదు. తర్వాత నాతో, అయినా అరవై తొమ్మిదేళ్ళకి బండేటమ్మా అంది. ఏడుపు ఆగినట్టుంది.

హరీష్ తాళం తెచ్చి బల్ల మీద పెట్టాడు. చాలాసేపటి దాకా దాన్ని తీసుకోలేదు. గెలిచినట్టు అనిపించడం లేదు. కిటికీ పక్క కుర్రాడి పేరు ఇంకా గుర్తు రాలేదు. అది హరీష్ మీద వెయ్యలేను.

డిసెంబర్ 20

షీటు నిన్నటికి గాని రాలేదు. గాసి ప్లేటు ఇవాళ తయారైంది, వాడి నంబరుతోనే. రేపు షాపు తెరవకముందే పై ఊరు వెళ్ళి హరీష్ తన చేత్తో బిగించాలి. నా బండి మీదే. నేను నడుపుతాను, వాడు వెనక కూర్చుంటాడు. వెన్నెల బేగి లేచి ఎదురింటి రమణమూర్తి గారిని ఇంకో హెల్మెట్ అడిగి తేవాలి, పట్టీ తెగిందైతే వద్దనాలి. స్క్రూలూ స్క్రూడ్రైవరూ పెట్టుకున్నాడో లేదో బయల్దేరే ముందు వాడి జేబులు చూడాలి. వాడికి మరుపెక్కువ.