రాజవ్వ మాట రాయలేదు

సుల్తానాబాద్, 1962 జూలై 13, శుక్రవారం

నా మీద నాకే అసహ్యంగా ఉంది. పగటికలలు కంటూ కూర మాడ్చుకునే ఇల్లాలి మీద వచ్చిన ఒక హాస్య నవలను వారం రోజులుగా నేను నడిపే గ్రంథాలయంలో ఊరివాళ్లకు చదివి వినిపించాను. ఈ సాయంత్రం అయిపోయింది. అభిప్రాయాల పుస్తకం తెరిచి, ఒక్కొక్కరినీ చెప్పమన్నాను.

"గసొంటిదాన్ని రెండు గుద్దితే కలలన్ని దిగుతయి" అన్నాడు పట్వారి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాటనే మర్యాదగా మార్చి, "భర్త అదుపు అవసరం" అని రాశాను.

గది ఊడ్చే రాజవ్వ కూడా వారమంతా గుమ్మం దగ్గర నిలబడి విన్నది. "సారూ, గామె ఎవ్వలనన్న ఏమన్నదా? పని నడుమ జరసేపు మనసుల ఎటో పోయొచ్చింది, గంతే గదా. నేను గూడ పోత" అంది.

పట్వారి మొహం చిట్లించాడు. నేను పుస్తకం మూసేశాను.

అందరూ వెళ్లాక ఆమె అడిగింది. "నా మాట రాసిన్రా సారూ?"

"రాసిన, రాజవ్వా."

"ఏడ? జర సూపియ్యున్రి."

పుస్తకం తెరిచి, ఎవరి మాటో ఉన్న ఒక వరుస మీద వేలు పెట్టాను. చదువురాని రాజవ్వ ఆ అక్షరాలను మెల్లగా తడిమి, సంతోషంగా ఇంటికి పోయింది.

రేపు పొద్దున్నే వెళ్లి రాయాలి. రాస్తే పట్వారి కంటపడుతుందేమోనని ఇప్పుడు కూడా ఆలోచిస్తున్నాను.