కొవ్వు నెత్తికెక్కేదాకా

మార్చి 1, ఉదయం 6.10
ఈరోజు నుంచి కొత్త జీవితం! నెలలోగా నా బట్టతల మీద జుట్టు మొలవాలి.
కారణం: నా సెలూన్‌కు ఎదురుగా ఒక ఉంగరాల జుట్టువాడు ఇంకో సెలూన్ తెరిచాడు. ఇరవై ఏళ్లుగా నా దగ్గరే కటింగ్ చేయించుకుంటున్న హెడ్‌మాస్టరుగారు నిన్న తల దించుకుని రోడ్డు దాటి వాడి షాపులోకి వెళ్లారు. రాత్రి అన్నం సహించలేదు.
ఆధారం: గడ్డం గీయించుకుంటూ చర్మం డాక్టరుగారు చెప్పారు. "చర్మంలో కొవ్వు కణాలుంటాయోయ్. అవి కబురు పెడితే వెంట్రుక కుదురు నిద్ర లేస్తుందట." మిగతా మాటలు సబ్బు నురగలో కలిసిపోయాయి. నాకు అర్థమైంది చాలు. కొవ్వు పెంచాలి!
పూటకో వెన్న ముద్ద. గుడ్లు ఆరు. మెట్లు ఎక్కరాదు.

మార్చి 4
మూడు కిలోలు పెరిగాను! నడినెత్తిన ఒక వెంట్రుక!! మా ఆవిడ ఊదితే ఎగిరిపోయింది. ఎవరో కస్టమర్‌దట.

మార్చి 9
కొవ్వు పొట్ట దగ్గరే ఆగింది. పైకి రావడానికి బద్ధకం. దారి చూపుదామని షాపులో గోడకు కాళ్లానించి తలకిందులుగా ఉన్నాను. లోపలికొచ్చిన కస్టమర్ చెప్పులు విప్పకుండానే వెళ్లిపోయాడు.

మార్చి 13
"పొట్ట కాస్త వెనక్కి తియ్యవయ్యా, ఊపిరాడట్లేదు" అన్నాడు కుర్చీలోని పోస్ట్‌మాన్. "నువ్వే తల జరుపుకో" అని కసిరాను.
షాపు వెనకే ఇల్లు. మా ఆవిడ వినేసింది. "మీకు కొవ్వు నెత్తికెక్కింది!"
నెత్తికా! కత్తెర పడేసి పరుగెత్తాను. "ఎక్కడ? ఎంత ఎక్కింది?"
మా ఆవిడ ధడాలున తలుపు వేసుకుంది.

మార్చి 18
వెన్న తినలేదు. వాసన పడట్లేదు. ఒక్కరోజుకేం కాదు.

మార్చి 22
జుట్టు మొలిచింది! చెవుల్లో.

మార్చి 25
హెడ్‌మాస్టరుగారు తిరిగొచ్చారు! "ఆ ఉంగరాలవాడు నా పలచని నెత్తి చూసి నవ్వాడోయ్. నీ దగ్గరైతే మొహమాటం ఉండదు" అన్నారు. కళ్లు చెమర్చాయి. అంతలోనే అనుమానమొచ్చింది. నాకు జుట్టొస్తే ఈయన మళ్లీ పోతారేమో! వెన్న మానేశాను. మానింది పొద్దుటి ముద్ద మాత్రమే.

మార్చి 31
డాక్టరుగారు నా ఆకారం చూసి నోరెళ్లబెట్టారు. "పొట్ట కొవ్వు కాదయ్యా, నెత్తి చర్మంలోది! అదీ ఎలుకల్లో చూశారు. చర్మాన్ని కాస్త మంటపుట్టేలా రేపితే, ఆ కొవ్వు కరిగి కుదుళ్లకు మేతవుతుందట. మనుషుల సంగతి ఇంకా తేలలేదు."
టీ తెచ్చిన మా ఆవిడ ఆగిపోయింది. "రేపడమంటే... మొట్టికాయలు పనికొస్తాయా డాక్టరుగారూ?"

ఏప్రిల్ 1, ఉదయం 6.10
ఈరోజు నుంచి కొత్త జీవితం! రోజుకు ఇరవై మొట్టికాయలు. మా ఆవిడ అప్పుడే గాజులు పైకి తోసుకుని నిలబడింది.